'మరియు' తర్వాతి సగం

మీరు ముగ్గురూ చదువొచ్చినవాళ్లే. కళ్లద్దాలున్నాయి, పుస్తకం ఉంది, గదిలో వెలుతురుంది. అయినా సగం వాక్యం చదివి, మిగతా సగం మింగి, ఒక ఆడమనిషిని దెబ్బల్లోకి తిరిగి తోలుతున్నారు. ఆమె మణికట్టు విరిచింది ఒక్కడు. ఆ విరుపుకి దేవుడి ఒప్పుదల ఉన్నట్టు బల్లకి అటువైపు కూర్చున్నది ముగ్గురు. వాడి సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు జవాబు చెప్పండి.

పోయినవారం చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఆదివారం ఆరాధన ముగిసింది. కుర్చీలు మడిచి జనం ఇళ్లకు వెళ్లిపోయారు. చర్చి హాలు పక్కన ఒక చిన్న గది ఉంది, సంసారాలు చెడినవాళ్లను కూర్చోబెట్టి సర్దిచెప్పే గది. పొడుగుబల్లకు ఒకవైపు మధ్యలో పాస్టరు, అందరికీ అయ్యగారు. కుడిపక్కన మాస్టారు, బడి నడిపి రిటైరైన హెడ్మాస్టరు, సంఘానికి కార్యదర్శి. ఎడమపక్కన మందులషాపాయన, సంఘపెద్ద. ఇటువైపు ఆసుపత్రి లాండ్రీలో బట్టలుతికే చెల్లెలు, ఎడమచేతికి మోచేతిదాకా పిండికట్టు. ఆమె పక్కన అన్న, బోర్డులు రాసే పెయింటరు. తలుపు దగ్గర కుర్చీలో ఆమె మొగుడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆదివారాలు ఇక్కడ పాటలకు కీబోర్డు వాయిస్తాడు.

బల్లమీద ఒక కాగితం. 'నా ఇష్టపూర్వకంగా నా భర్త ఇంటికి తిరిగి వెళ్తున్నాను' అని అయ్యగారి చేత్తోనే రాసి ఉంది. సంతకం పెడితే ఇవాళే ఆ ఇంటికి. పెట్టకపోతే రొట్టే ద్రాక్షరసమూ పంచే ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వరు, సంఘంలోంచి పేరు కొట్టేస్తారు. ఆమె పెన్ను తీసుకుంది. తీసుకుని, "పెడతానయ్యగారూ. ముందు ఆ గోడమీది వాక్యం పూర్తిగా చదవండి" అంది. అక్కడ ఆగాం.

గోడ ఆమె ఎదురుగానే ఉంది. జానెడు జానెడు ఎర్రటి అక్షరాలు. భార్యను విడిచిపెట్టడం దేవుడికి అసహ్యం అని చెప్పే వాక్యం. చివర నిండుగా ఒక చుక్క. దాని కింద గోడ సగందాకా ఆకుపచ్చ ద్రాక్షతీగ, ఊదారంగు గుత్తులు. తీగ బాగుంది. ఆ మాట కాదనను.

అయ్యగారు మెడ వెనక్కి తిప్పి, గోడ చూసి, గొంతు సవరించుకుని చదివారు.

"చదివాను. ఇక పెట్టు తల్లీ."

"పూర్తిగా అన్నానయ్యగారూ."

"పూర్తిగానే చదివానమ్మా. అంతే ఉంది."

"గోడమీద అంతే ఉంది. పుస్తకంలో ఎంతుంది?"

మొగుడు నవ్వాడు. "అయ్యగారూ, ఇది సంసారానికొచ్చిందా, మీకు పాఠం చెప్పడానికొచ్చిందా?"

ఎవరూ నవ్వలేదు. పెయింటరు తల వంచుకుని గోళ్లలో ఇరుక్కున్న రంగు గీకుతున్నాడు. చెల్లెలు ఒంటిచేత్తో తను తెచ్చుకున్న బైబిలు పుస్తకం తెరిచింది. గుర్తు పెట్టుకునే వచ్చింది, వెతకలేదు. పిండికట్టు పేజీ మీద బరువుగా ఆనించి, కుడిచేతి వేలు అక్షరాల వెంట జరిపింది. ఏడో తరగతితో ఆగిన చదువు. మెల్లిగా కదిలింది వేలు. ఒకచోట ఆగింది.

"గోడమీద మీరు చుక్క పెట్టించిన చోట, ఇక్కడ చుక్క లేదు. 'మరియు' అని ఉంది."

"అవునమ్మా. ఆ తర్వాతది వేరే సంగతి" అన్నారు అయ్యగారు.

"'మరియు' అంటే వేరే సంగతి అనా అయ్యగారూ? మా లాండ్రీలో చీటీమీద 'దుప్పట్లు మరియు గౌన్లు' అని రాసి పంపుతారు. దుప్పట్లు ఉతికేసి, గౌన్లు వేరే సంగతండీ అంటే మా సూపర్వైజరు నన్ను ముద్దు పెట్టుకుంటాడా?"

మందులషాపాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వో దగ్గో తెలియలేదు.

ఆమె రెండో సగం చదివింది. కూడబలుక్కుంటూ చదివింది. ఒక మనిషి తన వస్త్రాన్ని బలాత్కారంతో నింపుకోవడం కూడా దేవుడికి అసహ్యమే అని ఉందక్కడ. మొదటి సగంలో ఏ మాట వాడాడో, రెండో సగంలోనూ అదే మాట. అసహ్యం. ఆపైన ఇంకొక్క ముక్క: జాగ్రత్తగా ఉండండి, నమ్మకద్రోహం చెయ్యకండి అని. చెప్పింది ఎవరికి? భార్యలున్న మగవాళ్లకి. ఆ మాటలు మొదలయ్యేదే వాళ్లను నిలదీస్తూ. మగవాళ్లను నిలదీసిన మాటను తీసుకొచ్చి ఆడదాని నెత్తిన మొట్టారు మన పెద్దలు!

అప్పుడు మాస్టారు నోరు తెరిచారు. ఈ మనిషి గొంతు ఎప్పుడూ పెరగదు. పిల్లల్ని కొట్టని హెడ్మాస్టరని పేరు. నాకు అయ్యగారి కన్నా ఈయనతోనే పేచీ. ఎందుకో మీరే వినండి.

"చూడమ్మా, నువ్వు చదివింది తప్పనను. అయ్యగారు చెప్పిందీ తప్పనను. వాక్యం సముద్రం లాంటిది. ఎవరు చెంబు ముంచితే వాళ్ల చెంబుకి పట్టినంత వస్తుంది. అన్ని అర్థాలకీ విలువుంది, అన్నిటినీ గౌరవించాలి. నా జీవితమంతా నేను నేర్చుకున్నది ఇదే. నా అర్థమే అసలైనది అని పట్టుబట్టినచోటే కొట్లాటలు పుడతాయి. సంఘం చీలిపోతుంది."

ఎంత తీయని మాట! వినగానే ఎవరైనా తలూపుతారు. ఆమె కూడా ఊపింది.

"నిజమే మాస్టారూ. సముద్రమే. మీ చెంబుకి మీకు, నా చెంబుకి నాకు. కానీ ఏ చెంబు ముంచినా ఉప్పునీళ్లే రావాలి కదండీ. ఒకాయన చెంబులో పాలు వచ్చాయనుకోండి, ఆయన సముద్రంలో ముంచలేదని అర్థం. దారిలో ఎక్కడో పోయించుకొచ్చాడు."

మాస్టారు కళ్లద్దాలు తీశారు. తుడిచారు. మళ్లీ పెట్టుకున్నారు.

"అందరి అర్థాలూ సమానమంటున్నారు. సరే. మరి తన్నులు కూడా సమానంగా పంచుకుంటారా? అయ్యగారి అర్థానికి నా చెయ్యి విరిగింది. నా అర్థానికి ఎవరి చెయ్యీ విరగదు. రెండూ ఒకటేనా మాస్టారూ?"

"అన్యాయంగా మాట్లాడకు. చెయ్యి విరిచిన పనిని ఎవరూ సమర్థించట్లేదు" అన్నారు అయ్యగారు.

"నేనేం విరవలేదు" తలుపు దగ్గర్నుంచి మొగుడు. "మెట్లమీద పడింది. ఎన్నిసార్లు చెప్పాలి?"

"మీది గ్రౌండు ఫ్లోరు కదా బావా" అన్నాడు పెయింటరు తల ఎత్తకుండా. అంతసేపటికి అతని నోట వచ్చిన మొదటి మాట అది.

అయ్యగారు బల్లమీద అరచేత్తో తట్టారు. ఆయన చెడ్డవాడని నేను రాయను. వానలో తడుస్తూ పోయి చావుబతుకుల్లో ఉన్నవాళ్ల దగ్గర కూర్చున్న మనిషి. ఈమె తల్లి పోయినప్పుడు పెట్టె మోసిన నలుగురిలో ఈయనొకడు. అందుకే ఆయన మాట అంత లోతుగా గుచ్చుకుంటుంది. ముక్కూమొహం తెలియనివాడు చెబితే ఆమె తుడిచిపారేసేది.

"సరేనమ్మా, రెండో సగం మాట్లాడుకుందాం. అది చాలా కష్టమైన వాక్యం. వస్త్రం అంటే ఏమిటో పండితులే తేల్చుకోలేదు. భార్యే వస్త్రమని కొందరు. ఒంటిమీది బట్టేనని కొందరు. మూలభాషలో అక్కడ మాటలే మసకగా ఉన్నాయి. అంత మసకగా ఉన్నదాన్ని పట్టుకుని ఒక సంసారాన్ని తెంపుతావా?"

ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. ఆయన చెప్పింది నిజమే, పండితులు తేల్చుకోలేదు. ఆమెకి పండితుల సంగతి తెలియదు. మూలభాష అంటే ఏదో కూడా తెలియదు. పేజీ వైపు చూసింది. చాలాసేపే చూసింది. ఇక ఓడిపోయిందనుకున్నాడు అన్న.

"వస్త్రం మసక. ఒప్పుకున్నా. బలాత్కారం మసకా?"

అయ్యగారు పేజీ వైపు వంగి చూశారు.

"దానికి ఎన్ని అర్థాలున్నాయో చెప్పండి, రాసుకుంటా. ఇక వస్త్రం అంటారా? పండితులు ఎప్పుడైనా బట్టలు ఉతికారా అయ్యగారూ? నేను తొమ్మిదేళ్లుగా ఉతుకుతున్నా. ఆపరేషన్ గది గుడ్డ మీద నెత్తురు ఒక్కచోట మడుగులా ఉంటుంది. కాన్పు దుప్పటి వేరే తీరు. అప్పుడప్పుడు ఎమర్జెన్సీ నుంచి మనుషుల సొంతబట్టలు కూడా కలిసి వచ్చేస్తాయి. కొట్టించుకున్న మనిషి బట్ట మూటలోంచి తియ్యగానే తెలిసిపోతుంది. మెడ దగ్గర చిరుగు. గుండీ ఉండదు, దారం ఉంటుంది. నెత్తురు చుక్కలుచుక్కలుగా చిమ్మి ఉంటుంది. వేడినీళ్లలో వేస్తే మరక బట్టను పట్టుకుని వదలదు. చన్నీళ్లలోనే నానబెట్టాలి."

ఆమె వేలు మళ్లీ పేజీ మీదికి వెళ్లింది.

"నా బట్ట సంగతి వదిలెయ్యండి. ఇక్కడ 'తన వస్త్రం' అని ఉంది. కొట్టించుకున్నదాని బట్ట గురించి కాదు, కొట్టినవాడి బట్ట గురించి. ఆయన చొక్కా ఉతికేది కూడా నేనేగా. తెల్లచొక్కా, కుడిచేతి పట్టీ మీద మూడు చుక్కలు. చెయ్యి విరగకముందు ఒక శనివారం చన్నీళ్లలో నానబెట్టి, సబ్బుపెట్టి రుద్ది, ఇస్త్రీ చేసి ఇచ్చాను. మర్నాడు ఆదివారం అదే తొడుక్కుని వచ్చి ఇక్కడ వాయించాడు. మీరంతా చప్పట్లు కొట్టి పాడారు. ఈ మాట రాసినాయన ఏ బట్టను చూసి రాశాడో పండితులకు తెలియకపోవచ్చు. నాకు తెలుసు."

మొగుడు కాళ్లు ముడుచుకున్నాడు. తన చొక్కా చేతుల వైపు చూసుకోబోయి మానుకున్నాడు.

"తల్లీ," అన్నారు అయ్యగారు. గొంతులో మునుపటి గట్టిదనం లేదు. "మన బాధని తీసుకెళ్లి వాక్యంలో దూర్చకూడదు. అలా ఎవరికి వాళ్లు దూర్చుకుంటూ పోతే వాక్యం మిగలదు."

"నేను దూర్చలేదయ్యగారూ. అది అక్కడే ఉంది. మీరు తీశారు."

"నువ్వు మాత్రం నీకు నచ్చిన సగమే పట్టుకోలేదా? మొదటి సగం కూడా దేవుడి మాటే కదా?"

"పట్టుకున్నానేమో. అందుకే రెండూ చదవమంటున్నా. నాది తప్పయితే పుస్తకం తెరిచి, వేలుపెట్టి, ఇదిగో ఇక్కడ తప్పు అని చూపించండి. నోరు మూసుకుని ఒప్పుకుంటా, ఆ కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోతా. మీది తప్పని నేను వేలుపెట్టి చూపిస్తే మీరు ఒప్పుకుంటారా? ఆ ఒక్క మాట చెప్పండి."

అదీ అసలు ప్రశ్న. ఒక్క వాక్యానికి పది అర్థాలుండొచ్చు. ఉండనివ్వండి! పదింటిలో నాలుగు చక్కటివి ఉంటాయి, మూడు ఫరవాలేదనిపిస్తాయి. కానీ తప్పని చూపించినా తప్పు కానని మొండికేసేది అర్థం కాదు, అధికారం. అర్థానికీ అధికారానికీ తేడా తెలియనట్టు నటిస్తూ, 'అన్నీ సమానమే' అని తీయగా నవ్వేవాళ్లు ఆ అధికారానికి కాపలా కాస్తున్నారు. పుస్తకం మీద గౌరవం ఉన్నవాడెవడూ దాంట్లోంచి సగం వాక్యం కోసి గోడకి అంటించడు.

పెయింటరు లేచి నిలబడ్డాడు. ఎత్తైన మనిషి. నిచ్చెనలు ఎక్కీ ఎక్కీ వీపు కాస్త వంగింది.

"చెల్లీ, నీకొక మాట చెప్పాలి. ఇన్నాళ్లూ చెప్పలేదు. ఈ గోడ రాసింది నేను."

"తెలుసన్నా. నీ అక్షరాలు నాకు తెలియవా?"

"అది కాదే. గోడ చాల్లేదు, అందుకే ఆపాను అని నీతో అన్నాను, గుర్తుందా? గోడ చాలింది. చూడు, సగం గోడ ద్రాక్షపళ్లే. సుద్దతో వాక్యమంతా గీతల్లో పెట్టుకున్నాను, చివరి అక్షరందాకా పట్టింది. రంగు కలుపుకుని 'మరియు' దాకా వచ్చాను. అప్పుడు మాస్టారు వచ్చారు. ఇంకా ఉందండీ, రాయమంటారా అని నేనే అడిగాను. అక్కడితో చుక్క పెట్టెయ్, మిగతా చోట ద్రాక్షతీగ వెయ్యి, కళగా ఉంటుంది అన్నారు. తడిగుడ్డ తీసి సుద్దగీతలు తుడిచేశాను. నా చేత్తోనే తుడిచాను."

చెల్లెలు అన్నను చూడలేదు. మాస్టారినే చూసింది.

"మీకు తెలుసా మాస్టారూ? రెండో సగం ఉందని ముందే తెలుసా?"

ఇన్నేళ్లలో ఆ మనిషి మాట తడబడటం ఆ గది వినలేదు.

"కొత్తగా పెళ్లయినవాళ్లు వస్తారమ్మా ఈ గదికి. చిన్నపిల్లలు. గోడమీద అంతంత అక్షరాల్లో బలాత్కారం అనే మాట... బాగుండదనిపించింది. అంతే. చెడుద్దేశం లేదు."

"మాట బాగుండదు. నిజమే. పని బాగుంటుందా?"

మాస్టారు తల దించుకున్నారు. అన్ని అర్థాలకీ విలువుందన్న పెద్దమనిషి, ఒక అర్థాన్ని తడిగుడ్డతో తుడిపించాడు! సమానమని నమ్మినవాడైతే రెంటినీ గోడమీద ఉంచేవాడు. నెత్తురు రాని సగం ఉంచి, నెత్తురు గురించి మాట్లాడిన సగం తీయించాడు. ఈ సమానత్వం ఎవరికి పనికొచ్చిందో లెక్కలు రానివాడైనా చెప్పగలడు.

ఆమె బల్లమీది కాగితాన్ని తిరగేసింది. కుడిచేత్తో నెమ్మదిగా, వంకరగా, నాలుగు వరుసలు రాసింది. పైకి చదివి వినిపించింది.

"'వాక్యంలో మొదటి సగం చాలని మేము నమ్ముతున్నాం. అందుకే ఈమెను తిరిగి పంపుతున్నాం. ఇక ఈమె ఒంటిమీద పడే ప్రతి దెబ్బకూ దేవుడి ముందు, మనుషుల ముందు మేమే జవాబుదారులం.' కింద మీ ముగ్గురికీ చోటు వదిలాను. మీ అర్థం మీద మీకు నమ్మకముందిగా. పెట్టండి. మీరు పెట్టాక వెనకవైపు నేను పెడతా."

పెన్ను అయ్యగారి ముందు పెట్టింది. ఆయన దాన్ని తాకలేదు. మాస్టారి వైపు జరిపింది. మాస్టారి చేతులు ఒళ్లోనే ఉన్నాయి. మందులషాపాయన వైపు జరిపింది.

ఆయన పెన్ను తీసుకున్నాడు. మూత పెట్టాడు. బల్లమీద పక్కకి పెట్టాడు.

"నేను పెట్టను" అన్నాడు. ఎవరి వైపూ చూడకుండా బల్లతో చెప్పినట్టు చెప్పాడు. "ఈ అమ్మాయికి మూడుసార్లు కట్టుగుడ్డ అమ్మాను. ఒకసారి పెదవికి, రెండుసార్లు నుదుటికి. ఏమైందమ్మా అని ఒక్కసారీ అడగలేదు. అడిగితే చెబుతుందని భయం. చెబితే సంఘపెద్దగా ఏదో ఒకటి చెయ్యాల్సొస్తుందని. అయ్యగారూ, నన్ను క్షమించండి. నేను పెట్టను. ఈ పిల్లని ఆ ఇంటికి పంపొద్దు."

మాస్టారు చెయ్యెత్తి ఏదో అనబోయారు.

అప్పుడు కుర్చీ కిర్రుమంది. మొగుడు లేచాడు. ఇంతసేపూ పెద్దలు తన తరఫున గెలుస్తారని నిమ్మళంగా కూర్చున్నవాడు, ఆట చెయ్యిజారిందని తెలుసుకున్నాడు. నాలుగు అంగల్లో బల్ల దగ్గరికి వచ్చాడు.

"మీ కాగితాలూ వద్దు, మీ వాక్యాలూ వద్దు. నా పెళ్లాన్ని నేను తీసుకుపోవడానికి ఎవడి సంతకం కావాలి? లే!"

వంగి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఎడమచెయ్యి. పిండికట్టు ఉన్న చెయ్యి. కట్టు కిందుగా బయటికి కనిపిస్తున్న నాలుగు వేళ్లనీ తన పిడికిట్లో బిగించి పైకి లాగాడు.

ఆమె మొహం తెల్లబడింది. అరవలేదు. అన్న ఒక్క అడుగు ముందుకేశాడు. "నువ్వాగన్నా" అంది. ఆ మాట ఎలా వచ్చిందో, అన్న ఆగిపోయాడు. ఈ పని అన్న చెయ్యాల్సింది కాదని ఆమెకి తెలుసు. అన్న చేస్తే అది రెండు ఇళ్ల గొడవ. మొగుడి చేతిని ఇన్నేళ్లు అదుపు చెయ్యకుండా వదిలిన ఈ గదిలోని పెద్దలు చెయ్యాలి.

అయ్యగారు సగం లేచి, అలాగే నిలిచిపోయారు. మాస్టారు బల్ల అంచు పట్టుకున్నారు.

ఆమె మొగుడి మొహం చూడలేదు. నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, వాటి వెనకనుంచే ఆ ఇద్దర్నీ చూసింది.

"అయ్యగారూ! మాస్టారూ! అర్థాలు రేపు మాట్లాడుకుందాం. ముందు ఆ చెయ్యి తియ్యమని చెప్పండి. మీ నోటితో చెప్పండి. ఇప్పుడే చెప్పండి!"